అత్తయ్య వేలు పెట్టిన పదకొండు కుండీలు

మా మేనత్తకి అన్నిట్లోనూ వేలు పెట్టే అలవాటు ఉంది.

ఈ మాట వినగానే మీకు మీ ఇంట్లోనే ఎవరో ఒకరు గుర్తొచ్చి ఉంటారు. మా అత్తయ్య ఆ బాపతు కాదు. ఎవరి సంసారం గొడవా ఆవిడకి పట్టదు. ఎదురింటివాళ్లు ఇల్లు మారి రెండేళ్లయ్యాక, "ఈమధ్య వాళ్ల కుక్క అరవడం లేదేం?" అని అడిగిన మనిషి. నేను చెబుతున్నది నిజం వేలు గురించి. కుడిచేతి చూపుడువేలు, రెండో కణుపు దాకా. మట్టి, ఇసుక, పిండి, పంచదార, ఆరని సిమెంటు, ఏది కుప్పగా కనిపించినా ఆ వేలు అందులో దిగాల్సిందే. దిగి, ఒక్క క్షణం ఆగి, పైకి వచ్చి, బొటనవేలితో ఓసారి రుద్దుకుని "ఊఁ" అనాల్సిందే.

"వదినా, అది పంచదార!" అని మా అమ్మ వంటింట్లోంచి అరిచేది.

"తెలుసు. అడుగున గడ్డ కడుతోంది. మూత సరిగ్గా పెట్టడం లేదు నువ్వు."

"మూత పెడుతూనే ఉన్నాను. మీరే తీస్తున్నారు."

మా అమ్మ డబ్బాలన్నీ పై అరలోకి ఎక్కించింది. అత్తయ్య స్టూలు తెచ్చుకుంది. అమ్మ స్టూలు దాచింది. అత్తయ్య మా నాన్నని పిలిచి, "తమ్ముడూ, ఆ పై డబ్బా కాస్త అందించు" అంది. నాన్న అందించాడు. ఆ రోజు నాన్న కాఫీలో పంచదార పడలేదు.

అత్తయ్య శాస్త్రవేత్త. నేలలోకి దిగిన నీరు ఎక్కడికి పోతుంది, ఎలా పోతుంది అన్నది ఆవిడ పరిశోధన. భూగర్భజలాల వాళ్లు ఆవిడని భౌతికశాస్త్రం మనిషి అనేవారు. భౌతికశాస్త్రం వాళ్లు మట్టి మనిషి అనేవారు. సంస్థలో ఆవిడ గది తలుపు మీద ‘సాంద్ర పదార్థ భౌతికశాస్త్ర విభాగం’ అని ఇత్తడి బోర్డు ఉండేది. తలుపు తీసి చూస్తే ఇల్లు కట్టేవాళ్ల సామాన్ల కొట్టులా ఉండేది. నిలువెత్తు గాజు గొట్టాలు, వాటినిండా రకరకాల ఇసుక, పైనుంచి చుక్కచుక్కగా నీళ్లు. మూలన గోనెసంచులు, జల్లెడలు, పారలు.

ఒకసారి మా నాన్న పొరపాటున, "ఇంతకీ నీ పరిశోధన ఏమిటక్కా?" అని అడిగాడు.

"చిన్నప్పుడు తడి ఇసుకతో గూడు కట్టావా?"

"కట్టాను."

"పొడి ఇసుకతో నిలబడిందా?"

"లేదు."

"నీళ్లు మరీ ఎక్కువ పోస్తే?"

"కూలిపోయింది."

"ఎందుకు కూలింది?"

"ఏమో! అమ్మ పిలిస్తే నేను లోపలికి వెళ్లిపోయాను."

"నువ్వు వెళ్లిపోయావు. నేను ఇంకా అక్కడే ఉన్నాను" అంది అత్తయ్య. ఆ మాట అంటున్నప్పుడు కూడా ఆవిడ గదిలో ఈ గోడ నుంచి ఆ గోడకి తిరుగుతూనే ఉంది.

కుదురుగా కూర్చోవడం ఆవిడ ఒంట్లో లేదు. కాఫీ నడుస్తూ తాగేది, అయిపోయిన చోట కప్పు వదిలేసేది. మా ఇంట్లో కప్పులు పుస్తకాల బీరువాలోనూ, మేడమెట్ల మీదా, ఒకసారి ఉత్తరాల పెట్టెలోనూ దొరికాయి. ఒక పెద్ద సభకి ఆవిడని అధ్యక్షురాలిగా కూర్చోబెట్టారు. రెండో వక్త లేచేసరికి కుర్చీ ఖాళీ. వెతగ్గా వెతగ్గా సభ బయట పూలమడిలో దొరికింది. తోటమాలి ఆవిడని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, "ఈవిడ మీ మనిషేనా సార్?" అని అడిగాడట. ముఖ్య అతిథి లేచి కరచాలనం చేశాడు. ఆయన ఆ తర్వాత గంటసేపు కుడిచెయ్యి గాలిలో పట్టుకునే ఉపన్యసించాడు.

మా వీధి చివర కాలిబాటకి కొత్తగా సిమెంటు వేసి, చుట్టూ తాడు కట్టారు. అత్తయ్య తాడు కిందనుంచి దూరి వేలు పెట్టింది.

"అమ్మా! అమ్మా! ఇప్పుడే చదును చేశాను!" అని మేస్త్రి నెత్తి కొట్టుకున్నాడు.

"ఇంకా ఆరలేదు" అంది అత్తయ్య.

"ఆరలేదనేగా తాడు కట్టింది!"

"నీళ్లు ఎక్కువ కలిపావయ్యా."

మేస్త్రి నెత్తి మీది చెయ్యి కిందికి దించాడు. నిజంగానే ఎక్కువ కలిపాడు. ఆ చిల్లు మాత్రం ఇప్పటికీ అక్కడే ఉంది. వానపడితే అందులో ఒక పిచ్చుక నీళ్లు తాగుతుంది.

ఇవన్నీ ఒక ఎత్తు, పదకొండు కుండీలు ఒక ఎత్తు.

ఒకరోజు అత్తయ్య ఒకే సైజు మట్టికుండీలు తెప్పించింది. వాటినిండా ప్రయోగశాలలో జల్లించిన మట్టి పోసింది. ఒక్కోదానిలో ఒక్కో పుదీనా మొక్క నాటి, తెల్లరంగుతో నంబర్లు వేసింది. తర్వాత కొన్ని నెలలపాటు, ఇవాళ ఒకటి, ఇంకో నెలకి ఒకటి చొప్పున, మా చుట్టుపక్కల వీధుల్లో వాటిని పంచింది. తీసుకున్నవాళ్లకి షరతులు: కుండీ వీధిగుమ్మం మెట్టు మీద పెట్టాలి. రోజూ ఉదయం ఏడులోపల సరిగ్గా ఒక గ్లాసు నీళ్లు పోయాలి. ఎక్కువ కాదు, తక్కువ కాదు. ఏడున్నరకి శాస్త్రవేత్త వచ్చి కొలత తీసుకుంటుంది.

కొలత అంటే మరేం లేదు, వేలే. తడిని బట్టి పదికి ఇన్ని అని ఒక అంకె.

వేలికి మట్టి అంటుకుంటుంది కాబట్టి రాయడానికి ఇంకో మనిషి కావాలి. ఆ మనిషిని నేను. అప్పటికి నాకు ఇరవయ్యారేళ్లు, ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దే ఉద్యోగం. తొమ్మిదికల్లా కుర్చీలో ఉండాలి. అత్తయ్య ముందు గాలిలా పోతుంటే నేను నోటుబుక్కు పట్టుకుని వెనకాల పరిగెత్తేదాన్ని.

"ఒకటి, ఆరున్నర!" ఆవిడ లేచి అప్పుడే పక్క సందులో ఉండేది. "రెండు, ఏడు! రాశావా?"

"ఒకటి ఎంతన్నారు?"

"వినలేదా? మళ్లీ వెళదాం పద!"

ప్రయోగశాలలో తేమ కొలిచే పరికరం ఉంది. మట్టిలో గుచ్చితే టక్కున అంకె చూపిస్తుంది. అది తెచ్చుకోవచ్చుగా అని ఒకసారి అడిగాను.

"దాంతో అయితే అర నిమిషంలో అయిపోతుందే" అంది అత్తయ్య, అదేదో దాని లోపమైనట్టు.

కాఫీ తాగడానికి కూర్చోని మనిషి, ఒక్కో కుండీ దగ్గర మూడేసి నిమిషాలు వంగుని ఉండేది. నాకు ఆశ్చర్యంగా ఉండేది కానీ, శాస్త్రం కదా, మనకేం తెలుస్తుంది అనుకునేదాన్ని.

కుండీలవాళ్లు మాత్రం ఆ పరిశోధనని ప్రాణంగా చూసుకునేవారు. ఒకటో నంబరు ఒక దర్జీ. కోట్లు కుట్టడంలో ఒకప్పుడు పేరున్న మనిషి. కళ్లు తగ్గి పని మానేశాడు కానీ మెడలో టేపు మానలేదు. రోజూ పుదీనా ఎత్తు ఆ టేపుతో కొలిచి నాకు చెప్పేవాడు.

"తొమ్మిదింబావు, రాసుకోమ్మా. భుజం దగ్గర కాస్త వెడల్పు వచ్చింది."

"మొక్కకి భుజం ఎక్కడుంటుంది తాతగారూ?"

"ఎక్కడ రెండు కొమ్మలు చీలితే అదే భుజం."

నాలుగో నంబరు భూగోళం టీచరమ్మ. పాఠాలు చెప్పడం మానేసి పన్నెండేళ్లయినా ఎదుటి మనిషికి తెలిసిందో లేదో అని రెండుసార్లు చెప్పే అలవాటు పోలేదు. ఏడో నంబరు ఓడల్లో వంటచేసి వచ్చిన ఆయన. తలుపంత మనిషి, గొంతు అంతకన్నా పెద్దది. ఆయనకి అంకె తగ్గితే ఒప్పుకునేవాడు కాదు.

"మొన్న ఏడు. నిన్న ఆరున్నరేమిటి మేడమ్? నేను గ్లాసు అంచుదాకా పోశాను."

"నిన్న గాలి వీచింది."

"గాలి టీచరమ్మ ఇంటి దగ్గర వీచలేదా? ఆవిడకి ఏడెలా వచ్చింది?"

"మీకు టీచరమ్మ అంకె ఎలా తెలుసు?"

"నిన్న సాయంత్రం వెళ్లి కనుక్కొచ్చాను."

"ఊఁ" అంది అత్తయ్య. అంతే. కానీ ఆ రోజంతా ఆవిడ మొహం ఏదో ప్రయోగం ఫలించినట్టు ఉంది.

ఇలా నాలుగేళ్లు. ఎండ, వాన, సెలవురోజు అని లేదు. ఆరు నోటుబుక్కులు నిండాయి. మా అమ్మ రోజూ సణిగేది. "పరిశోధనట పరిశోధన! పిల్ల ఉద్యోగానికి రోజూ ఆలస్యం. పుదీనా మీద ఈ లోకంలో ఇంతకాలం ఎవరైనా పరిశోధన చేశారా?" నేనే అత్తయ్య తరఫున వాదించేదాన్ని. రేపు ఆ పరిశోధన అచ్చులో వస్తుంది, అందులో నా కష్టం ఉంటుంది అని నా ధీమా.

అది అచ్చుకి రానే వచ్చింది. అత్తయ్య పనిచేసే సంస్థ పత్రిక మా ప్రెస్సులోనే అచ్చయ్యేది. ఆవిడ రాసిన పెద్ద వ్యాసం, నలభై ఒక్క పేజీలు, ప్రూఫులకి నా బల్ల మీదికే వచ్చింది. నేను చేతులు కడుక్కుని మరీ కూర్చున్నాను. ఇసుక ఉంది. గాజు గొట్టాలున్నాయి. రేణువుకీ రేణువుకీ మధ్య నీటి పొర ఎంత మందం ఉంటే రెండూ పట్టుకుని ఉంటాయో, ఎంత పలచబడితే విడిపోతాయో లెక్కలున్నాయి. కుండీలు లేవు. రెండోసారి చదివాను. పుదీనా అన్న మాటే లేదు.

ఆ సాయంత్రం ఇంట్లో కింద ఆవిడ గదికి వెళ్లి ప్రూఫుల కట్ట బల్ల మీద పడేశాను.

"కుండీలేవి అత్తయ్యా?"

"అవి దీనికి పనికిరావు."

"మరి దేనికి పనికొస్తాయి?"

ఆవిడ కిటికీ దాకా వెళ్లి వెనక్కి వచ్చింది. "భద్రంగా ఉంచాను కదే, ఆరు పుస్తకాలూ."

"నాలుగేళ్లు! రోజూ ఆ వేళకే వస్తానని ప్రెస్సులో నాకు ‘తొమ్మిదింబావు’ అని పేరు పెట్టారు. దేనికీ పనికిరాని దానికోసం నేను ఊరంతా పరిగెత్తానా?"

అత్తయ్య ఏదో చెప్పబోయింది. చివరికి బల్ల మీది ఇసుక పళ్లెంలో వేలు పెట్టి అలాగే నిలబడింది. నేను విసురుగా మేడెక్కేశాను. మర్నాటినుంచి వెళ్లడం మానేశాను.

మూడురోజులు ఆవిడ ఒక్కతే వెళ్లింది. నేను పైనుంచి చూస్తూనే ఉన్నాను. వేలు కడుక్కుని, జేబురుమాలుకి తుడుచుకుని, గేటు బయట నిలబడి ఒకసారి మేడవైపు చూసి వెళ్లిపోయేది. పిలవలేదు. నేనూ దిగలేదు. మా ఇద్దరిలో మొండితనం ఎక్కువ ఎవరికి అని అడిగితే మా అమ్మ కూడా తేల్చలేదు.

నాలుగోరోజు ఏడూ నలభైకి మేడమెట్లు దడదడలాడాయి. అత్తయ్య. మట్టివేలు పైకెత్తి పట్టుకుని, రొప్పుతూ.

"రెండు!" అంది.

"ఏమిటి రెండు?"

"ఒకటో నంబరు! దర్జీ! రెండొచ్చిందే!"

"నీళ్లు పోయడం మరిచిపోయి ఉంటాడు."

"ఆయన మరిచిపోడు! నాలుగేళ్లలో ఆరుకి తగ్గలేదు. తలుపు కొట్టాను. పలకడం లేదు." ఆవిడ అప్పుడే రెండు మెట్లు దిగింది. "ఇంకా చూస్తావేమే? పద!"

చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తాను. దారిలో ఏడో నంబరు ఇంటి ముందు అత్తయ్య ఆగకుండానే, "ఓడాయనా! రండి!" అని కేక పెట్టింది. ఆయన చేతిలో గరిటెతోనే బయటికొచ్చాడు. ఎందుకని అడగలేదు.

దర్జీ తలుపు లోపలినుంచి గడియ వేసి ఉంది. ఓడాయన భుజంతో రెండుసార్లు గుద్దేసరికి గడియ ఊడి, ఆయనా తలుపూ కలిసి లోపల పడ్డారు. మరుక్షణం, "అమ్మో! ఎవరో నిలబడి ఉన్నాడు!" అని గరిటె ఎత్తాడు. మూలన నల్లకోటు తొడిగిన చెక్కబొమ్మ. దానికి తల కూడా లేదు.

"ఆయన కాదు, ఇక్కడ!" అంది అత్తయ్య.

దర్జీ కత్తిరింపు బల్ల పక్కన నేల మీద పడి ఉన్నాడు. ముందురోజు సాయంత్రం కాలు జారి పడ్డాడు. తుంటి ఎముక విరిగింది. కదల్లేడు, అరిచి అరిచి గొంతు పోయింది. మమ్మల్ని చూసి పెదాలు కదిపాడు. అత్తయ్య మోకాళ్ల మీద కూలబడి చెవి ఆయన నోటి దగ్గర పెట్టింది.

"ఏమంటున్నాడు?" అన్నాడు ఓడాయన.

"ఇవాళ నీళ్లు పోయలేకపోయాను, క్షమించండి మేడమ్ అంటున్నాడు" అంది అత్తయ్య. చెప్పి, మట్టిచేత్తోనే కళ్లు తుడుచుకుంది. మొహమంతా మట్టి.

ఆస్పత్రిలో డాక్టరమ్మ, "ఇంకో పూట ఆలస్యమైతే నా చేతుల్లో ఉండేది కాదు. ఎవరు కనిపెట్టారు?" అంది. నేను అత్తయ్యని చూపించాను. డాక్టరమ్మ ఆ మట్టిమొహాన్ని చూసి, "ఈవిడక్కూడా దెబ్బ తగిలిందా?" అని అడిగింది.

ఆ మధ్యాహ్నం ప్రెస్సుకి సెలవు పెట్టి ఆరు నోటుబుక్కులూ ముందేసుకున్నాను. నేను నాలుగేళ్లు అంకెలు రాశాను కానీ చదవలేదు. ప్రూఫులు దిద్దేదాన్ని, ఇంత పెద్ద సంగతి ఎలా తప్పిపోయిందో! పదకొండు ఇళ్లు. పదకొండు ఇళ్లలోనూ ఒక్కొక్కరే మనుషులు. దర్జీకి కుండీ ఇచ్చిన తేదీ చూశాను, ఆయన భార్య పోయిన మూడువారాలకి. టీచరమ్మకి ఇచ్చింది, కలిసి ఉండే చెల్లెలు పోయిన నెలకి. ఓడాయనకి, గుండెనొప్పితో ఆస్పత్రిలో ఉండి తిరిగొచ్చిన రోజునే.

కిందికి వెళ్లాను. అత్తయ్య గదిలో ఈ గోడ నుంచి ఆ గోడకి తిరుగుతోంది.

"ఇది పరిశోధన కాదు కదా అత్తయ్యా?"

"ఏది?"

"రోజూ పదకొండు మంది ఎలా ఉన్నారో చూసొస్తున్నారు. దానికి ఈ నంబర్లూ, అంకెలూ, పుదీనా ఎందుకు? తలుపు కొట్టి బాగున్నారా అని అడిగితే సరిపోదా?"

"బాగున్నారా అంటే అందరూ బాగున్నామనే అంటారే. మట్టి అలా అనదు." రెండడుగులు వేసి ఆగింది. "పైగా వాళ్లు బాగున్నాం అన్నాక ఇంకేం మాట్లాడాలో నాకు తెలీదు."

నాకు నవ్వు వచ్చింది. ఆవిడకి కోపం వచ్చింది.

"నవ్వకు. ఎవరికీ చెప్పకు. జాలిపడి వస్తున్నానని తెలిస్తే దర్జీ కుండీ తీసుకెళ్లి నా నెత్తిన పెడతాడు. ఇప్పుడైతే చూడు, శాస్త్రానికి ఆయన అవసరం."

"నాకైనా చెప్పొచ్చుగా?"

"నీకు చెబితే మొహం మీద కనిపించేది. నువ్వు విసుక్కుంటూ రాస్తుంటేనే అసలైన పరిశోధనలా ఉండేది."

వారం తర్వాత ఇద్దరం ఆస్పత్రికి వెళ్లాం. దర్జీ కాలు కట్టుతో పైకి వేలాడుతోంది. మనిషి దిగులుగా ఉన్నాడు. కాలు గురించి కాదు.

"ఎనిమిది రోజులు పోయాయి మేడమ్. నాలుగేళ్ల పరిశోధన నావల్ల పాడైపోయింది."

"పాడెందుకవుతుంది? మీ కుండీకి టీచరమ్మ నీళ్లు పోస్తోంది. ఓడాయన ఆవిడ మీద నిఘా."

"అయినా ఆ రోజు రెండు వచ్చిందటగా? మచ్చ పడింది కదా?"

అత్తయ్య ఇసుక గురించి తప్ప దేని గురించీ రెండు వాక్యాలు కలిపి మాట్లాడగా నేను వినలేదు. ఆ రోజు విన్నాను.

"చూడండి. నాలుగేళ్లు పదకొండు కుండీల్లో నాకు వచ్చినవన్నీ ఆరులూ ఏడులూ. వాటితో ఏం తేలింది? ఏమీ తేలలేదు. ఈ మొత్తం పనిలో నాకు దొరికిన అతి ముఖ్యమైన ఫలితం మీ రెండే. అది రాకపోతే నేనేం చేసేదాన్నో నాకు తెలీదు."

ఇందులో ఒక్క ముక్క అబద్ధం లేదు. దర్జీ దిండు మీద కాస్త పైకి జరిగాడు.

"అయితే పత్రికలో నా పేరు పడుతుందా?"

అత్తయ్య తల తిప్పి నావైపు చూసింది. నేను కిటికీలోంచి బయటికి చూశాను. ఆ వ్యాసం ప్రూఫులు ఇంకా అచ్చుకి వెళ్లలేదు. ప్రూఫుల్లో సొంతంగా అక్షరం చేర్చకూడదన్నది మా ప్రెస్సులో మొదటి నియమం. నలభై ఒకటో పేజీ చివర, లెక్కలన్నీ అయిపోయాక, నాలుగు వరసల ఖాళీ ఉంది. ‘నాలుగేళ్లపాటు ఒక్కరోజు తప్పకుండా సహకరించిన’ అని మొదలుపెట్టి పదకొండుమంది పేర్లూ అందులో పట్టించాను. అత్తయ్య సంతకం పెట్టింది.

పత్రిక వచ్చాక పదకొండు ప్రతులు పంచాం. ఓడాయన ఆ పేజీని పటం కట్టించాడు. తన పేరు దర్జీ పేరు తర్వాత ఎందుకు పడిందని టీచరమ్మ రెండుసార్లు అడిగింది. ఇంటికి చేరిన దర్జీ మాత్రం మంచంలో పడుకుని నలభై ఒక్క పేజీలూ భూతద్దం పెట్టుకుని చదివాడు, లెక్కలతో సహా. ఒకరోజు ప్రెస్సుకే ఫోను చేశాడు.

"అమ్మాయ్, ముప్ఫైఎనిమిదో పేజీలో పై నుంచి ఆరో వరస చూడు. ‘నీటి పొర’ అనాల్సింది ‘నీటి పొరుగు’ అని పడింది."

తీసి చూశాను. నిజమే, అలాగే పడింది. అత్తయ్యకి చెబితే, "ఉండనీ" అంది.